సైకిల్ ట్రయల్స్: ఒక చిన్న క్రీడ ఎదిగే తీరు

రాయపూర్ నగరానికి తూర్పున, ఆరంగ్ వైపు సాగిపోయే 53వ నెంబరు జాతీయ రహదారిపై మందిర్ హసౌద్ అనే పట్టణం ఉన్నది. రాయపూర్ నుండి విజయనగరానికి వచ్చే రైలు మార్గంలో ఇదొక స్టేషను. 1931లో పూర్తయిన ఆ మార్గం మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని ఉత్తరాంధ్రతో కలుపుతున్నది. రైల్వే కొలువుల కోసం, 1959లో ఉత్పత్తి ఆరంభించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో పనుల కోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ ప్రాంతంలోనే స్థిరపడ్డాయి. ఈ విధంగా మందిర్ హసౌద్ పరిసరాలు తెలుగువారికి బొత్తిగా పరాయి సీమ కావు.

ఈ పట్టణానికి సమీపంలోనే, నవ రాయపూర్ పరిధిలోని పర్సదా గ్రామం వద్ద, ఒక బృహత్ క్రికెట్ క్రీడాంగణం ఉన్నది. 1857 డిసెంబరు 10న రాయపూర్‌లో ఉరికంబమెక్కిన సోనాఖాన్ జమీందారు, అమరవీరుడు వీర నారాయణ సింగ్ పేరును దానికి పెట్టారు. 2008లో ప్రారంభమైన ఈ క్రీడాంగణంలో 2023 జనవరి 21న తొలి అంతర్జాతీయ ఒక రోజు పోటీ జరిగింది. భారత జట్టు న్యూజీలాండ్‌ను 108 పరుగులకే కట్టడి చేసి, 8 వికెట్ల తేడాతో గెలిచింది.

అయితే ఒక ప్రాంతపు క్రీడా జీవనం ఒక్క మహా క్రీడాంగణంతో సంపూర్ణం కాదు. వేలాది ప్రేక్షకులను ఆకర్షించే క్రీడల నీడలో, పదిమందీ ఇరవైమందీ ఆడుకునే చిన్న క్రీడలు అనేకం ఉంటాయి. వాటికి టిక్కెట్ల రాబడి ఉండదు, పత్రికలలో చోటు దొరకదు. అయినా వాటిలో కొన్ని తరతరాలు నిలుస్తాయి, కొన్ని పుట్టిన పదేళ్ళకే అంతరిస్తాయి. ఈ తేడాకు కారణమేమిటి? రాళ్ళ గుట్టలపైన, దుంగలపైన కాలు నేల మోపకుండా సైకిలు నడిపే 'ట్రయల్స్' అనే క్రీడను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు చక్కని సమాధానం లభిస్తుంది.

క్రీడా స్వరూపం

సైకిలు పోటీ అనగానే వేగం గుర్తుకు రావడం సహజం. ట్రయల్స్‌లో వేగానికి ప్రాధాన్యం లేదు. ఇక్కడ పరీక్షకు వచ్చేవి తూకం, నిగ్రహం, చూపు. బండరాళ్ళు, చెక్క దుంగలు, సిమెంటు తూములు, ఏటవాలు గట్లు వంటి అవరోధాలతో ఒక చిన్న మార్గాన్ని ఏర్పరుస్తారు. దానిని సెక్షన్ అంటారు. పోటీదారు నిర్ణీత కాలంలో, సాధారణంగా 2 నిమిషాలలో, ఆ మార్గాన్ని దాటాలి. పాదం గాని, చేయి గాని నేలకు గాని, అవరోధానికి గాని తగిలితే అది తప్పు. నిశ్చలంగా ఒకేచోట నిలబడి తూకం సరిచూసుకోవడం, వెనుక చక్రం మీద లేచి ఒక రాతి నుండి మరొక రాతికి గెంతడం ఈ క్రీడలోని ప్రధాన విద్యలు.

ఇందుకు వాడే సైకిలు కూడా ప్రత్యేకమైనదే. చక్రాల వ్యాసం 20 అంగుళాలు గాని, 26 అంగుళాలు గాని ఉంటుంది. పోటీదారు ఎప్పుడూ నిలబడే నడుపుతాడు గనుక సీటు ఉండదు, ఫ్రేము చాలా కిందికి దిగి ఉంటుంది. గేర్లు మార్చుకునే అవసరం లేదు, ఒక్కటే గేరు చాలు. టైర్లలో గాలి తక్కువగా నింపుతారు. అందువల్ల టైరు రాతిపై కొంచెం అణగి, గట్టిగా పట్టు దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు. ఒక్క వేలి ఒత్తిడితో చక్రం కదలకుండా నిలిచిపోవాలి. పట్టు జారే బ్రేకుతో నిలకడ అసాధ్యం, నిలకడ లేనిదే గెంతుకు ఆధారం లేదు.

పుట్టుపూర్వోత్తరాలు

ట్రయల్స్ తొలుత మోటారు సైకిళ్ళ క్రీడ. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో బ్రిటన్‌లో కొండ దారులపై, వాగు గట్లపై యంత్రాల సత్తాను, నడిపేవారి నైపుణ్యాన్ని పరీక్షించే పోటీలు ఆరంభమయ్యాయి. యార్క్‌షైర్‌లో స్కాట్ మోటారు సైకిళ్ళ కర్మాగారపు పనివారి మధ్య 1914లో మొదలైన స్కాట్ ట్రయల్ అట్టివాటిలో ఒకటి. క్రమంగా స్పెయిన్ దేశంలోని కాటలోనియా ప్రాంతం ఈ క్రీడకు రెండవ పుట్టినిల్లయింది. బార్సిలోనా పరిసరాలలోని మోంటెసా, బుల్టాకో అనే రెండు సంస్థలు ట్రయల్స్‌కు అనువైన తేలికపాటి మోటారు సైకిళ్ళను తయారుచేశాయి. 1965లో సామీ మిల్లర్ బుల్టాకో బండిపై స్కాట్లండ్ ఆరు రోజుల ట్రయల్‌లో విజయం సాధించడంతో ఆ యంత్రాలకు ప్రఖ్యాతి లభించింది. 1975లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఏర్పడగా, తొలి విజేత మార్టిన్ లాంప్‌కిన్ కూడా బుల్టాకో నడిపినవాడే.

సైకిల్ ట్రయల్స్ ఈ వాతావరణంలో నుండే ఉద్భవించింది. మోంటెసా సంస్థలో కోటా అనే మోటారు సైకిలు రూపకల్పనకు కారకుడైన పేరె పీ అనే నిపుణుని కుమారుడు ఓట్ పీ, పెద్దలు మోటారు సైకిళ్ళపై చేసే విన్యాసాలను చిన్ననాడే సైకిలుపై అనుకరించాడు. మోటారు నడిపే వయస్సు రాని పిల్లలకు ఇదొక శిక్షణగా, ఆపైన ఒక స్వతంత్ర క్రీడగా పరిణమించింది. 'మోటారు లేని ట్రయల్' అన్న అర్థంలో దీనికి స్పెయిన్‌లో 'ట్రయల్‌సిన్' అనే పేరు వచ్చింది. మోంటెసా సంస్థ పిల్లల కోసం 'మోంటెసిటా' పేరుతో ప్రత్యేకంగా సైకిళ్ళను కూడా తయారుచేసింది. 1980వ దశాబ్దిలో ప్రపంచ స్థాయి పోటీలు మొదలైనప్పుడు ఓట్ పీ పలుమార్లు విజేతగా నిలిచాడు. 1900లో స్థాపితమైన అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఈ క్రీడకు గుర్తింపు ఇచ్చింది. 2017లో చైనాలోని చెంగ్డూ నగరంలో జరిగిన తొలి అర్బన్ సైక్లింగ్ ప్రపంచ పోటీలలోను, 2023లో గ్లాస్గో నగరంలో అన్ని సైక్లింగ్ శాఖలకు కలిపి జరిపిన ప్రపంచ పోటీలలోను ట్రయల్స్‌కు స్థానం లభించింది.

ఇందులో గమనించదగిన విషయమొకటి ఉన్నది. ఈ క్రీడను నిలబెట్టింది ఒక్క పీ కుటుంబపు ప్రతిభ మాత్రమే కాదు. పిల్లలకు అందుబాటులో ఉన్న సైకిలు, ఊరి వెలుపల రాళ్ళు, వారాంతంలో పోటీ నడిపే క్లబ్బు, ఈ మూడూ ఒకేచోట కూడినందువల్లనే అది నిలిచింది.

మార్కుల విధానం

ఏ క్రీడ అయినా ఎదగాలంటే దాని గెలుపోటములు చూసేవారికి తేలికగా బోధపడాలి. ట్రయల్స్‌లో మొదట అనుసరించిన పద్ధతి తప్పులను లెక్కించడం. కాలు మోపిన ప్రతిసారీ ఒక తప్పు మార్కు పడుతుంది. ఐదు మార్కులు చేరితే ఆ సెక్షన్‌లో విఫలమైనట్లే. అన్ని సెక్షన్లలోను కలిపి తక్కువ తప్పు మార్కులు వచ్చినవారు విజేతలు. ఈ పద్ధతి నిక్కచ్చిది. అయినా కొత్తగా చేరిన బాలుడు ప్రతి సెక్షన్‌లోను ఐదేసి మార్కులతో ఇంటికి పోతాడు. సగం దూరం వెళ్ళినవానికీ, తొలి రాతి వద్దనే పడినవానికీ లెక్కలో తేడా ఉండదు.

అంతర్జాతీయ సమాఖ్య నేడు అనుసరిస్తున్న పద్ధతి ఇందుకు భిన్నమైనది. ప్రతి సెక్షన్‌లో 6 ద్వారాలు ఉంటాయి. ఒక్కొక్క ద్వారం దాటితే 10 మార్కుల చొప్పున గరిష్ఠంగా 60 మార్కులు లభిస్తాయి. తప్పులు పరిమితిని చేరితే ఆ ప్రయత్నం అక్కడితో ముగుస్తుంది, కాని అంతవరకు సంపాదించిన మార్కులు మిగులుతాయి. 5 సెక్షన్లను రెండేసి సార్లు దాటవలసిన పోటీలో గరిష్ఠ మొత్తం 600. నేర్చుకునే బాలిక ప్రతిసారీ రెండు ద్వారాలే దాటినా 200 మార్కులు సంపాదిస్తుంది. వచ్చే పోటీలో 250 సాధించాలన్న కోరిక ఆమెకు కలుగుతుంది. ఆమె తల్లిదండ్రులు సైతం గట్టుపై నిలబడి లెక్క అనుసరించగలుగుతారు. ఓటమిని లెక్కించే పద్ధతి నుండి ప్రగతిని లెక్కించే పద్ధతికి మారడం చిన్న క్రీడకు ప్రాణవాయువు వంటిది.

పోటీ ఏర్పాటు

ట్రయల్స్ పోటీ ఏర్పాటులో తొలి మెట్టు స్థలం. ఫుట్‌బాల్ మైదానమంత చోటు అవసరం లేదు. ఒక్కొక్క సెక్షన్ పొడవు కొన్ని పదుల మీటర్లకు మించదు. బడి ఆవరణలో ఒక మూల, చెరువు గట్టు కింది పోరంబోకు, మార్కెట్టు యార్డు చాలును. సహజమైన రాళ్ళు లేనిచోట పాత టైర్లు, కేబుల్ చుట్టే చెక్క డ్రమ్ములు, దుంగలు, తూములు తెచ్చి పేర్చవచ్చు. వాటిని కదలకుండా బిగించడం మాత్రం తప్పనిసరి. పోటీదారు బరువుకు దుంగ దొర్లితే అది క్రీడ కాదు, ప్రమాదం. స్థల యజమాని అనుమతి వ్రాతపూర్వకంగా పొందడం, ప్రథమ చికిత్సకు మనిషిని నియమించడం, తలకు హెల్మెట్, మోకాటి కింది ఎముకకు రక్షణ తొడుగు లేనివారిని పోటీకి అనుమతించకపోవడం నిర్వాహకుల కనీస ధర్మాలు.

రెండవ మెట్టు తరగతుల విభజన. ఇదే ట్రయల్స్‌లోని గొప్ప సౌలభ్యం. ఒకే రాళ్ళ గుట్ట మీద వేర్వేరు రంగుల బాణాలతో వేర్వేరు మార్గాలను సూచిస్తారు. నేర్చుకునేవారి బాణం రాళ్ళ మధ్య సందులో నుండి పోతుంది, మధ్య తరగతి వారిది చిన్న రాతి మీదుగా సాగుతుంది, ప్రవీణులది ఎత్తయిన బండపైకి ఎక్కుతుంది. పదేళ్ళ పిల్లవాడు, రాష్ట్ర స్థాయి విజేత ఒకే సెక్షన్ వద్ద ఒకరి తరువాత ఒకరు నిలబడతారు. పెద్దవాని విద్యను చిన్నవాడు రెండు గజాల దూరం నుండి చూసి నేర్చుకుంటాడు. మరే శిక్షణ శిబిరమూ ఇంతటి పాఠం చెప్పలేదు.

మూడవ మెట్టు పరిశీలకుల నియామకం. ఇది అన్నిటికంటే కష్టమైనది, సాధారణంగా అందరూ విస్మరించేది. ప్రతి సెక్షన్ వద్ద కనీసం ఇద్దరు నిలబడాలి. ఒకరు పోటీదారు పాదాలనే గమనిస్తూ తప్పులను, ద్వారాలను లెక్కించాలి. మరొకరు కాలం చూస్తూ పోటీదారు తెచ్చిన కార్డుపై మార్కులను నమోదు చేయాలి. ఒక ఊహాపూర్వక పోటీకి లెక్క వేసి చూద్దాం. 24 మంది పోటీదారులు 5 సెక్షన్లను రెండేసి సార్లు దాటితే మొత్తం ప్రయత్నాలు 240. అంటే ఒక్కొక్క సెక్షన్ వద్ద 48. ఒక్కొక్క ప్రయత్నానికి, తరువాతి వారు సిద్ధపడే వ్యవధితో కలిపి, 3 నిమిషాలు పట్టినా 144 నిమిషాలు గడుస్తాయి. దాదాపు రెండున్నర గంటలపాటు 10 మంది పరిశీలకులు ఎండలో నిలబడి, కన్ను మరల్చక, స్నేహితునికీ అపరిచితునికీ ఒకే న్యాయం పాటించాలి. పేర్లు నమోదు చేసేవారు, మార్కులు కూడేవారు, దారులు గుర్తించినవారు, ప్రథమ చికిత్స చూసేవారు మరో ఆరుగురు కావాలి. 24 మంది ఆడడానికి 16 మంది పని చేయవలసి వచ్చింది!

చిన్న క్రీడకు నిజమైన హద్దు ఇక్కడే కనిపిస్తుంది. రాళ్ళు దొరుకుతాయి, సైకిళ్ళు దొరుకుతాయి, ఉత్సాహవంతులైన పిల్లలు దొరుకుతారు. నిలబడి న్యాయంగా లెక్కించేవారు దొరకనప్పుడు పోటీ ఆగిపోతుంది. పోటీలో పాల్గొన్న ప్రతివాడూ సంవత్సరంలో ఒక్కసారైనా పరిశీలకుడుగా నిలబడాలన్న నియమాన్ని పాటించే క్లబ్బు దీర్ఘకాలం జీవిస్తుంది. ఒక్కరిద్దరు ఉదారులు అన్ని పనులూ నెత్తిన వేసుకునే క్లబ్బు, వారికి బదిలీ అయిన నాడో, అనారోగ్యం కలిగిన నాడో మూతపడుతుంది.

తెలుగునాట ఒక దృష్టాంతం

ఈ సత్యానికి బాల్ బ్యాడ్మింటన్ చరిత్ర మంచి నిదర్శనం. తంజావూరు సీమలో 19వ శతాబ్దిలో రూపుదిద్దుకున్న ఈ ఆటకు ఉన్ని బంతి, జట్టుకు అయిదుగురు మనుషులు, చదునైన నేల చాలు. బడులలో, రైల్వే కాలనీలలో, పంచాయతీ ఆవరణలలో అది వేళ్ళూనింది. 1954లో అఖిల భారత సమాఖ్య ఏర్పడడంలో ఆంధ్ర సంఘం ప్రముఖ పాత్ర వహించింది. తొలి జాతీయ పోటీలు 1956లో హైదరాబాదులో జరిగాయి. వరంగల్లులో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య 1970లో ఈ క్రీడకు అర్జున పురస్కారం అందుకుని, నూరేళ్ళు దాటిన నిండు జీవితం గడిపి 2021లో కన్నుమూశారు. ఒలింపిక్ పోటీలలో చోటు లేని ఆట ఇంతకాలం బ్రతికిందంటే, ప్రతి ఊరిలోను గీతలు గీసి, వల కట్టి, అంపైరుగా నిలిచిన అజ్ఞాత వ్యక్తులే అందుకు కారణం.

చీలిక తెచ్చే చేటు

చిన్న క్రీడకు పేదరికం కంటె ప్రమాదకరమైనది కలహం. సైకిల్ ట్రయల్స్ సైతం ఈ బాధకు లోనయింది. 1990వ దశాబ్దిలో సైకిల్ ట్రయల్స్‌కు ప్రత్యేకంగా మరొక అంతర్జాతీయ సంఘం ఏర్పడి, తన నిబంధనలతో తన ప్రపంచ పోటీలు నడిపింది. కొద్దిమంది క్రీడాకారులున్న క్రీడలో రెండు నిబంధనావళులు, ఇద్దరు ప్రపంచ విజేతలు ఉండడం వల్ల కొత్తవారికి అయోమయమే మిగులుతుంది.

మన దేశంలో సైకిల్ పోలో చరిత్ర ఇంతకంటె విషాదకరమైన హెచ్చరికను ఇస్తున్నది. 1891లో ఐర్లండ్‌లో రిచర్డ్ మెక్రెడీ రూపొందించిన ఈ క్రీడకు భారతదేశంలో 1966లో సమాఖ్య ఏర్పడింది. సైనిక దళాల జట్లు, పలు రాష్ట్రాల బాలబాలికలు ఇందులో పాల్గొంటూ వచ్చారు. 2022 డిసెంబరులో జాతీయ పోటీలకై నాగపూర్ వెళ్ళిన కేరళ బృందంలోని పదేళ్ళ బాలిక అస్వస్థత పాలై అక్కడే మరణించింది. ఆ రాష్ట్రంలో రెండు సంఘాల మధ్య వివాదం ఉన్నందున ఆమె బృందం న్యాయస్థానం ఉత్తర్వుతో పోటీకి వెళ్ళింది. వసతి, భోజన సదుపాయాలు వారికి అందలేదన్న ఫిర్యాదు పార్లమెంటు వరకు చేరింది. సంఘాల గుర్తింపు తగాదా పెద్దలకు సంబంధించినది, దాని ఫలితం మాత్రం పిల్లల పాలిట పడుతుంది. పోటీ నిర్వహించే ప్రతి సంఘమూ గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం ఇదే: మైదానానికి వచ్చిన పిల్లవాని తిండి, పడక, వైద్యం ఏ వివాదానికీ లోబడరాదు.

మందిర్ హసౌద్ వంటి చోట

ఇప్పుడు తిరిగి ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని పరిశీలిద్దాం. ట్రయల్స్ వంటి క్రీడకు మందిర్ హసౌద్ వంటి పట్టణం ఎందుకు అనువైనదో చెప్పడానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది నేల. రాయపూర్ పరిసర భూభాగం అడుగున సున్నపురాయి పొరలు విస్తారంగా ఉన్నాయి. పరుపు బండలు, రాతి దిమ్మలు అక్కడివారికి నిత్యం కనిపించే వస్తువులే. అయితే తవ్వకాలు సాగే గనులలోకి గాని, నీరు నిలిచిన పాత గోతులలోకి గాని పిల్లలను అనుమతించరాదు. అవసరమైన బండలను సురక్షితమైన మైదానానికి తెచ్చి పేర్చుకోవడమే క్షేమం.

రెండవది సంప్రదాయం. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో శ్రావణ అమావాస్యనాడు హరేలీ పండుగ జరుపుతారు. ఆనాడు పిల్లలు వెదురు కొయ్యకాళ్ళు కట్టుకుని వీధులలో నడుస్తారు. దీనిని 'గేడీ' అంటారు. బురద నేలపై గేడీ ఎక్కి తూకం తప్పక నడిచే పిల్లవానికి ట్రయల్స్ సైకిలుపై నిలబడడం కొత్త విద్య కాదు. 2022 అక్టోబరు 6న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో 14 క్రీడలలో గేడీ పరుగు ఒకటి. 18 సంవత్సరాల లోపువారు, 18 నుండి 40 వరకు, 40 పైబడినవారు అని మూడు వయో వర్గాలుగా, గ్రామ స్థాయి నుండి రాష్ట్ర స్థాయి వరకు అంచెలంచెలుగా 2022, 2023 సంవత్సరాలలో అవి జరిగాయి. చిన్న ఆటను పెంచడానికి తరగతుల విభజన ఎంత అవసరమో ఆ పోటీలు చాటాయి.

మూడవది రాకపోకల సౌకర్యం. 2025 మార్చి 30న రాయపూర్ నుండి మందిర్ హసౌద్, నవ రాయపూర్ మీదుగా అభన్‌పూర్‌కు మెము రైలు ప్రారంభమైంది. సైకిలు పట్టుకుని ప్రయాణం చేయవలసిన విద్యార్థికి చౌకగా చేరుకోగలిగే కేంద్రం కావాలి. విజయనగరం వైపు నుండి వచ్చే రైలు కూడా ఇదే పట్టాలపై సాగుతుంది.

అట్టి చోట పని ప్రారంభించదలచిన వ్యాయామోపాధ్యాయునికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. మొదటి మాసంలో మామూలు సైకిళ్ళపైనే నిశ్చలంగా నిలబడే పోటీ, సుద్ద గీతల మధ్య నెమ్మదిగా నడిపే పోటీ పెట్టవచ్చు. రెండవ దశలో జానెడు ఎత్తు దుంగలు, మూడవ దశలో అరచేతి వెడల్పు పలకలు చేర్చవచ్చు. పాఠశాలకు సమష్టిగా రెండో మూడో ట్రయల్స్ సైకిళ్ళు ఉంటే, వంతులవారీగా ఇరవైమంది నేర్చుకోగలరు. అన్నిటికంటే ముందు, నలుగురు విద్యార్థులకు పరిశీలక విద్య నేర్పాలి. ఆడపిల్లలను, శరీర దారుఢ్యం తక్కువగా ఉన్నవారిని ఈ పనికి మాత్రమే పరిమితం చేయరాదు. తూకమే బలమైన ఈ క్రీడలో వారికీ పోటీదారులుగా సమాన స్థానమున్నది. ప్రతి పోటీ అనంతరం ఫలితాలను, ఖర్చు వివరాలను గోడపై అంటించాలి. లెక్క దాగనిచోట కలహం పుట్టదు.

ఇట్టి మైదానంలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే రైతు బిడ్డ, తెలుగు మాట్లాడే రైల్వే ఉద్యోగి బిడ్డ, ఒడియా మాట్లాడే కార్మికుని బిడ్డ ఒకే బండపై ఒకరి తరువాత ఒకరు ప్రయత్నిస్తారు. పరిశీలకుని చేతిలోని కార్డుకు ఏ భాషా లేదు, అంకెలు మాత్రమే ఉంటాయి. ఆటలో ఓడిన బాలుడు మరుసటి వారం అదే సెక్షన్ వద్ద పరిశీలకుడుగా నిలబడి, నిన్న తనను గెలిచినవాని ప్రయత్నాన్ని న్యాయంగా లెక్కించినప్పుడు, పౌరధర్మానికి అంతకంటె మంచి అభ్యాసం మరొకటి ఉండదు. చిన్న క్రీడలు జాతికి చేసే సేవ ఇదే. వాటిని పోషించే బాధ్యతలో ప్రభుత్వానికి, సమాఖ్యలకు ఎంత పాత్ర ఉన్నదో, బడి ఆవరణలో ఒక మూల చోటిచ్చే ప్రధానోపాధ్యాయునికి, ఆదివారం ఉదయం రెండున్నర గంటలు ఎండలో నిలబడే పరిశీలకునికి అంతే పాత్ర ఉన్నది.